కావడి మీద గాట్లు

ఆ ఏడు మే నెలలో మా అబ్బాయి యాకోపో న్యూజిలాండ్‌కి, ఆపిల్ తోటల్లో కొమ్మలు కత్తిరించే పనికి వెళ్ళాడు. అక్టోబరులో మా చర్చిలో జరిగే పిల్లల ఆదివారం పండగ నాటికి తిరిగొస్తాడు. వాణ్ణి రేవులో పడవెక్కించి ఇంటికొచ్చిన సాయంత్రమే మా అమ్మాయి ఫిలేము నా ఎదురుగా చాప మీద వచ్చి కూర్చుంది. అది తల వంచుకుని కూర్చుందంటే ఏదో అడగబోతోందని అర్థం. దాని బడి చదువు అయిపోయి ఆర్నెల్లయింది. పక్క దీవిలో, రాజధాని ఆపియాలో మా చెల్లెలికి కొట్టుంది, ఇద్దరు చంటిపిల్లలున్నారు. ఫిలేమును పంపమని కబురు మీద కబురు పెడుతోంది. సరే పంపుతానని నేను మాటిచ్చేశాను కూడా.

"నాన్నా, నేను బరువులెత్తడం నేర్చుకుంటాను."

"ఏం బరువులు?"

"ఇనుము నాన్నా. రేవు దగ్గర రేకుల షెడ్డులో తైమానే అక్క నేర్పుతోంది. అక్టోబరు మొదటి శనివారం ఆపియాలో ఎంపిక పోటీలున్నాయంట. నేను పనికొస్తానంది."

"ఎత్తడానికి ఇంట్లో బరువుల్లేవా? మీ అన్న కావడి ఖాళీగా పడుంది, ఎత్తుకో!"

ఎగతాళికే అన్నాను. అది తలెత్తి, "సరే, ఎత్తుకుంటాను" అంది. మర్నాడు పొద్దున్నే తోటలోంచి చేమదుంపలు కావడేసుకుని వచ్చింది. మా సవాయి దీవిలో కావడి మోయడం, రాళ్ళ పొయ్యి పేర్చడం మగపిల్లల పని. రోడ్డున పోయేవాళ్ళందరూ ఆగి మరీ చూశారు.

నా గురించి ఒక మాట చెప్పాలి. పెద్దల సభలో ఊరి తరఫున మాట్లాడే హక్కు మా వంశానిది. చేతిలో కర్ర, భుజం మీద పీచు కుంచె పట్టుకుని నేను లేచి నిలబడితే పెళ్ళయినా, చావైనా, తగాదా అయినా మాటల్తోనే నడిపిస్తాను. నా నోరే నా ఆస్తి. నా జబ్బు కూడా అదే.

ఆ సోమవారం సభలో కావా వేరు దంచి కలిపిన పానీయం గిన్నె ఒక వరస తిరిగాక, మోసే అని మా బావ వరసాయన మొదలుపెట్టాడు. అతనిదీ నాలాగే మాట్లాడే వంశమే. ముప్ఫై ఏళ్ళుగా ఒకరి మాటకి ఒకరం ఎగతాళిగా దగ్గుతూ బతుకుతున్నాం.

"ఏం బావా, కొడుకు పడవెక్కితే కూతురు కావడెత్తిందంట? రేపు పొయ్యి రాళ్ళు కూడా దాని చేతే మోయిస్తావా? నువ్వు ఇంట్లో కూర్చుని చాపలు అల్లుతావా ఏంటి?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కర్ర పట్టుకుని లేచాను.

"యాకోపో ఇరవై జతల కొబ్బరికాయలు మోస్తాడని మీ అందరికీ తెలుసు. అప్పటిదాకా షెడ్డుకి పోతే పోనీ, అక్టోబరు పోటీలోగా నా కూతురు ఇరవై జతలు మోస్తుంది. మోసిందా, ఆ ఇనుము దానిదే, ఆపియా పోటీకి నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. మొయ్యలేకపోయిందా, నోరు మూసుకుని మా చెల్లెలింటికి పోతుంది. ఇది నా మాట!"

కర్ర పట్టుకుని అన్న మాట ఆ సభ ఇంట్లో ఇక వెనక్కి రాదు. ఫిలేమును ఒక్క మాట అడక్కుండానే దాని ఏడాదిని ఇరవై జతల కింద పెట్టేశాను. ఆ రోజు మాత్రం నేను అద్భుతంగా మాట్లాడాననే అనుకున్నాను.

జత అంటే ముందు బుట్టలో ఒక కాయ, వెనక బుట్టలో ఒక కాయ. మా దగ్గర కొబ్బరికాయల్ని తూచరు, లెక్కపెడతారు. మా తాత జతల్లోనే లెక్కపెట్టాడు, మా నాన్న జతల్లోనే లెక్కపెట్టాడు. కాటా అనేది బియ్యానికీ కోకో గింజలకీ.

శనివారం శనివారం పరీక్ష. సీమపనస చెట్టు కింద ఎండబెట్టడానికి పోగేసిన కాయల గుట్ట ఉండేది, కిందటి క్రిస్మస్ నాటి నుంచీ రాలినవి. అక్కడ కావడెత్తుకుని, వాకిలి దాటి, కొబ్బరి ఎండబెట్టే కొట్టం దాకా వెళ్ళి, ఆగకుండా తిరిగి రావాలి. తెస్తే కావడిబద్ద మీద చాకుతో ఒక గాటు పెట్టి, పక్కన ఎన్ని జతలో చెక్కేవాణ్ణి. మొదటి శనివారం తొమ్మిది జతలు. దింపేటప్పుడు అది పెట్టిన మూలుగుకి పందులు బెదిరి పారిపోయాయి. మా ఆవిడ లూసియా వంటపాకలోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఆ పిల్ల భుజం చూడండి, తోలు లేచిపోయింది!"

"లేవనీ. యాకోపోకీ లేచింది, నాకూ లేచింది."

"మీకు లేచింది నాలుక మీద తోలు" అని లూసియా పసుపు తేవడానికి వెళ్ళింది.

పది జతలు, పన్నెండు, పదమూడు. గాట్లు పెరుగుతుంటే నాకు లోపల్లోపల సంతోషంగానే ఉండేది. పైకి మాత్రం, "పర్లేదు, కోడిపుంజంత బలం వచ్చింది" అనేవాణ్ణి. షెడ్డులో ఆ తైమానే దీనికి ఇనుము ఇవ్వకుండా నెల రోజులు ఉత్త చీపురుకర్ర ఇచ్చిందని తెలిసి ఊళ్ళో అందరికీ చెప్పి నవ్వాను. ఆ నవ్వు ఒక రోజు ఆగిపోయింది. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఇంటి వెనకాల ఫిలేము గొంతుక్కూర్చుని ఉంది. రెండు చేతులూ పైకి చాచి తల మీద ఒక కర్ర పట్టుకుంది. నా సభ కర్ర!

"ఒసేయ్! అది మీ ముత్తాత పట్టుకున్న కర్రే!"

అది కదల్లేదు. "ఒక్క నిమిషం నాన్నా, ఇంకా నాలుగు గుంజీలున్నాయి" అని ఆ నాలుగూ పూర్తి చేసి, లేచి, కర్రని నడుముకి చుట్టుకున్న లావాలావా గుడ్డ కొంగుతో శుభ్రంగా తుడిచి రెండు చేతులా అందించింది. "చీపురుకర్ర వంకరగా ఉంది. ఇది తిన్నగా ఉంటుంది" అంది. ఆ కర్ర పట్టుకునే హక్కు కోసం నేను పదిహేనేళ్ళు ముసలాళ్ళ వెనకాల కూర్చున్నాను. తిట్టడానికి మాటలు వెతుక్కుంటుంటే అది పందులకి మేత వెయ్యడానికి వెళ్ళిపోయింది.

జూలై మూడో శనివారానికి పదిహేడు జతలు. ఇక మూడే మిగిలాయి. మోసే బావ కనిపిస్తే చాలు, చేతి వేళ్ళు మూడు చూపించేవాణ్ణి.

ఆ వారంలోనే కొబ్బరి కొనే లారీ వచ్చి చెట్టు కింద గుట్టంతా ఎత్తుకుపోయింది. తోటలో కొత్తగా రాలిన కాయలు, దింపించిన కాయలు తెచ్చి మళ్ళీ గుట్ట పోశాం. శనివారం ఫిలేము పద్దెనిమిది జతలు పేర్చుకుని కావడి కింద భుజం పెట్టింది. లేవలేదు. పదిహేను చేసింది. లేవలేదు. చివరికి పదకొండు జతలతో వెళ్ళొచ్చింది, మొహం కందిపోయింది.

"కాయలు బరువెక్కాయి నాన్నా" అంది.

"ఓడిపోయినోళ్ళకి కాయలన్నీ బరువే" అన్నాను.

ఆ మాట తర్వాత అది మళ్ళీ నోరెత్తలేదు. మా పిల్లలు తండ్రితో ఒక మాట రెండుసార్లు చెప్పరు. నేను గాటు పెట్టి పక్కన పదకొండు చెక్కాను.

మరుసటి శనివారం పన్నెండు. ఆ పై వారం పన్నెండే. తర్వాత పదమూడు, మళ్ళీ పదమూడు. పదిహేడు మోసిన పిల్ల పదమూడు దగ్గర కొట్టుకుంటోంది. నేను కారణం కనిపెట్టాను: ఆ ఇనుమే దీని బలం తినేస్తోంది. వారానికి నాలుగు రోజులు అక్కడ ఒళ్ళు హూనం చేసుకుని వస్తే శనివారానికి ఏం మిగులుతుంది? తైమానేను కడిగేద్దామని షెడ్డుకి బయల్దేరాను.

తైమానేకి నలభై ఉంటాయి. ఆపియా పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, ఇక్కడి రేవులో టికెట్లు ఇచ్చే ఉద్యోగం. వయసులో ఉన్నప్పుడు తనూ బరువులెత్తింది. షెడ్డులో ఒక చెక్క బల్ల, ఉప్పుగాలికి తుప్పెక్కిన కడ్డీ, దానికి తగిలించే ఇనప బరువులు, గోడకి ఒక పలక, అంతే. ఫిలేము ఇంకా రాలేదు.

"చూడమ్మా, మా పిల్ల నీ దగ్గరికొచ్చాక నీరసించిపోయింది. జూలైలో పదిహేడు జతలు, ఇప్పుడు పదమూడు. ఇదేనా నువ్వు నేర్పేది?"

తైమానే కోపం తెచ్చుకోలేదు. బల్ల కింద నుంచి అట్ట చిరిగిన నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టింది. "చదవండి పెద్దాయనా. జూన్ నెలాఖరు."

నలభై కిలోలు భుజాన పెట్టుకుని కూర్చుని లేవడం, మూడుసార్లు. పక్కన ఆమె రాత: 'మోకాళ్ళు లోపలికి పోతున్నాయి. మూడోసారికి ఏడుపు మొహం.'

"ఇప్పుడు నిన్నటిది."

అవే నలభై కిలోలు. పదిసార్లు. పక్కన: 'మధ్యలో పాట పాడుతోంది.'

"అదే బరువేగా? పెరిగిందేముంది?" అన్నాను.

"ఆ పాట పెరిగింది."

నాకది ఎకసెక్కంగా వినిపించింది. "బలమంటే ఎంత ఎత్తిందనేగా!"

"కొత్తగా మొదలెట్టినోళ్ళకి అదొక్కటే చూస్తే పిచ్చెక్కుద్ది. ఒక రోజు నిద్ర ఉండదు, ఒక రోజు తిండి సరిపోదు, ఒక రోజు ఒంట్లో బాగుండదు. అంకె కిందికి పోద్ది. అందుకే వారం వారం ఎంత మోస్తోందో చూడను. అదే బరువు ఎలా మోస్తోందో చూస్తాను." నోటుపుస్తకం మూసి, నా వైపు తిరిగింది. "మీరు పేరున్న మాటకారి కదా. బాగా మాట్లాడుతున్నానని మీకు మొదట ఎప్పుడు తెలిసింది? ఎన్ని గంటలు మాట్లాడారో లెక్కపెట్టుకున్నారా?"

ఆలోచించాను. నిజమే చెప్పాను. "దగ్గడం మానేశారు, వినేవాళ్ళు. ఒక రోజు సగంలో ఉండగా గమనించాను, ఒక్కడూ దగ్గట్లేదు."

"చూశారా! పెరిగింది చూడలేకపోతే తగ్గింది చూడండి. మీ అమ్మాయిలో ఏం తగ్గిందో ఇంటికెళ్ళి చూడండి."

నోరు మూయించడానికి వెళ్ళి నోరు మూసుకుని తిరిగొచ్చాను. అయినా నాకు కావడిబద్ద మీదే నమ్మకం. నోటుపుస్తకంలో ఎవరేం రాసుకుంటే ఏం, గాటు అబద్ధం చెప్పదు కదా అనుకున్నాను.

ఫిలేము కూడా అలాగే అనుకుంది. ఆ పిల్లకి తైమానే పుస్తకం కన్నా తండ్రి చాకు మీదే గురి. సెప్టెంబరులో షెడ్డుకి వెళ్ళడం ఒక రోజు మానింది, తర్వాత వారమంతా మానింది. మూడో శనివారం పొద్దున ఎవరి మీద కసో గానీ పద్నాలుగు జతలు పేర్చుకుంది. భుజం పెట్టింది, లేచింది, వాకిలి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. దింపేసి, కావడి అక్కడే వదిలేసి నా దగ్గరికి వచ్చింది.

"అత్తకి ఫోన్ చెయ్యి నాన్నా. ఎప్పుడు రమ్మంటుందో కనుక్కో."

కళ్ళలో నీళ్ళేం లేవు. బజారులో బియ్యం ధర చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్ళింది. మోసే బావ మొహం నాకు కళ్ళ ముందు కనపడింది. పిల్ల మొహం చూడాల్సింది పోయి, నేను చూసింది బావ మొహం. ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

మధ్యాహ్నం దాటాక లూసియా కేకేసింది. "ఆ కావడి వాకిట్లోంచి తీస్తారా లేదా? తెల్లారితే ఆదివారం. చర్చికి పోయేవాళ్ళందరూ మన బద్ధకం చూసుకుంటూ పోవాలా?"

నిజమే. లేచి వెళ్ళాను. నా కాలంలో నేను ఇరవై రెండు జతలు మోసినవాణ్ణి. యాభై ఆరేళ్ళొచ్చినా ఈ పద్నాలుగు జతలు చెట్టు కింద పెట్టలేనా? వంగి, భుజం పెట్టి, లేవబోయాను.

కావడి నేల వదల్లేదు.

కాళ్ళు ఎడం చేసి మళ్ళీ ప్రయత్నించాను. బద్ద వంగింది, బుట్టలు మాత్రం కదల్లేదు. అటూ ఇటూ చూసి, బుట్టకి రెండు కాయలు తీసేశాను. ఊహూఁ. ఇంకో రెండు తీశాను. వంటపాక గుమ్మంలో లూసియా గరిటె పట్టుకుని నిలబడి చూస్తోంది.

"వయసైపోయింది" అన్నాను.

"నిన్న సీమపనసకాయల గంప మీరే కదా తెచ్చింది? నిన్నటికీ ఇవాళ్టికీ వయసైపోయిందా?"

తొమ్మిది జతల దగ్గర లేచాను. అదీ మోకాళ్ళు కటకటమంటుంటే. నాలుగడుగులేసి దింపేశాను. దింపేటప్పుడు నా నోట్లోంచి వచ్చిన మూలుగు నాకే వినిపించింది. మే నెలలో ఫిలేము మూలిగిన మూలుగే అది. పొద్దున పద్నాలుగు జతలు దింపినప్పుడు అది మూలగలేదు. బుట్టలు ఊగలేదు కూడా. అప్పుడు నేను చూసి కూడా గమనించలేదు.

బుట్టలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపాను. నిండా నీళ్ళు. వంటపాకలో పొయ్యి పక్కన మంటకని లూసియా దాచుకున్న పాత కాయలు నాలుగైదు ఉన్నాయి, క్రిస్మస్ నాటి గుట్టలోవి. ఒకటి తెచ్చాను. ఎడమ చేతిలో అది, కుడి చేతిలో ఇది పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాను.

"ఏమైంది?" అంది లూసియా.

"ఏం లేదు" అన్నాను. ఒక పచ్చికాయకి దాదాపు రెండు ఎండుకాయలు తూగుతాయి.

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ కొబ్బరికాయల మధ్యే బతికినవాణ్ణి. పచ్చికాయ బరువని నాకు తెలీదా? తెలుసు. చేతికి తెలుసు, భుజానికి తెలుసు. లెక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం కాయంటే కాయే, జతంటే జతే. యాకోపో మోసినవీ, నేను మోసినవీ ఎండబెట్టే గుట్టలోని కాయలే. ఇరవై జతల ఎండుకాయలంటే పదిన్నర జతల పచ్చికాయలు. అంటే జూలై చివరి శనివారం పదకొండు జతలు మోసిన రోజునే ఫిలేము నా పందెం గెలిచేసింది. అప్పట్నుంచీ గెలుస్తూనే ఉంది. నేను వారం వారం చాకు తీసి దాన్ని ఓడిస్తూ వచ్చాను. ఒక్కసారి చెప్పింది కూడా, బరువెక్కాయి నాన్నా అని.

ఆదివారం చర్చిలో పాస్టరు ఏం చెప్పాడో తెలీదు. దారులు వెతికాను. పిల్ల మీద జాలితో ఒప్పుకున్నానని చెబితే? పక్క ఊరి నుంచి ఎండుకాయలు తెప్పించి, ఇరవై జతలు మోయించి, మోసే బావని పిలిచి చూపిస్తే? పని జరుగుతుంది, నా మాటా నిలుస్తుంది. లూసియాకి మెల్లగా చెప్పాను.

ఆవిడ దుంప చెక్కు తీస్తూ వింది. "పందెం సభలో కాశారు. తప్పు మాత్రం వంటపాకలో ఒప్పుకుంటారా?"

"నా పరువు..."

"మీ పరువు ఆ పిల్ల భుజాన మోసింది ఇన్నాళ్ళూ. ఒక్క రోజు మీరు మొయ్యండి."

సోమవారం సభలో ఎవరి స్తంభానికి వాళ్ళు ఆనుకుని కూర్చున్నారు. కావా వరస అయింది. నేను లేచి కర్ర పట్టుకున్నాను. మామూలుగా అయితే పూర్వీకుల దగ్గర మొదలుపెట్టి, పడవల మీదుగా వచ్చి, అరగంటకి గానీ విషయంలోకి దిగను. ఆ రోజు సంచీలోంచి రెండు కాయలు తీసి, ఒకటి ఎండుది, ఒకటి పచ్చిది, పక్కాయన చేతిలో పెట్టాను.

"చేత్తో పట్టుకు చూసి పక్కవాళ్ళకివ్వండి" అన్నాను.

కాయలు స్తంభం నుంచి స్తంభానికి తిరిగాయి. ప్రతివాడూ రెండు చేతుల్లో పెట్టుకుని, ఒకసారి పైకీ కిందికీ ఆడించి, నా మొహం చూసి, పక్కకి అందించాడు. అందరూ కొబ్బరికాయల మనుషులే. ఎవరికీ కాటా అక్కర్లేకపోయింది.

"మే నెలలో నేను ఇరవై జతలన్నాను. ఆ ఇరవై జతలూ ఈ ఎండుకాయలవి. జూలై నుంచీ నా కూతురు మోస్తున్నది ఈ పచ్చికాయలు. తేడా ఉందని అది నాకు చెప్పింది. నేను వినలేదు. అది గెలిచి ఎనిమిది వారాలైంది. ఓడిపోయింది నా లెక్క. నా మాట ప్రకారం ఆపియా పోటీకి దాన్ని నేనే తీసుకెళ్తాను. ఇంతే."

నా జన్మలో అంత చిన్న ఉపన్యాసం నేనెప్పుడూ ఇవ్వలేదు. కూర్చోబోతూ గమనించాను, ఒక్కడూ దగ్గలేదు. మోసే బావ కూడా. కాయలు చివరికి అతని దగ్గరే ఆగాయి.

"పద్నాలుగు జతలు మోసిందా, ఈ కాయలు?" అన్నాడు.

"సగం వాకిలి. పదమూడైతే పూర్తిగా."

మోసే బావ పచ్చికాయని కింద పెట్టి, మోకాలు నిమురుకున్నాడు. "నా వల్ల కాదు బావా. మా అబ్బాయిల వల్లా కాదు." ఎండుకాయ కూడా పక్కన పెట్టి, "అయినా ఇది అరగంట సాగదీయాల్సిన విషయం, రెండు నిమిషాల్లో పాడు చేశావు" అన్నాడు. అప్పుడు నవ్వారు అందరూ. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చేసరికి ఫిలేము రోడ్డు దాకా వచ్చి నిలబడి ఉంది. మోసే బావ పెళ్ళాం గొంతు నా కాళ్ళ కన్నా చురుకైనది.

"నేనొకసారి చెప్పాను నాన్నా."

"చెప్పావమ్మా."

"రెండోసారి కూడా చెప్పాల్సింది."

"అక్కర్లేదు. మొదటిసారే నేను వినాల్సింది. తప్పు నాది." ఆ మాట పిల్లలతో అనడం మాకు అలవాటు లేదు. "షెడ్డుకి పో. పదిహేను రోజులైనా లేదు టైము."

అది నవ్వలేదు, ఏడవలేదు. లోపలికెళ్ళి, కొబ్బరిపాలు పోసిన సీమపనస ముక్కలు నాలుగు నిలబడే తినేసి, మూతి తుడుచుకుని, రేవు వైపు పరుగెత్తింది. లూసియా గిన్నెలోకి చూసి, "మీ సాయంత్రం తిండి కూడా తినేసింది" అంది.

ఆపియా పోటీలో ఒక్కో మనిషికి ఆరు ఎత్తులు. నేల మీంచి ఒక్క ఊపున తల మీదికి మూడు, భుజాల దాకా తెచ్చి ఆగి పైకి నెట్టేవి మూడు. మా అమ్మాయి ఎత్తిన పెద్ద బరువు అరవై రెండు కిలోలు. అక్కడ ఏడుగురు పిల్లలుంటే నాలుగోది. ముందున్న ముగ్గురూ మూడేసేళ్ళుగా చేస్తున్నవాళ్ళు. అంకెలు చదివినప్పుడు నాకు చప్పగా అనిపించిన మాట నిజం. తైమానే మాత్రం నోటుపుస్తకం ఊపుకుంటూ వచ్చింది.

"ఆరుకి ఆరూ పెద్దాయనా! ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఈ రోజు ఆరుకి ఆరు ఎత్తింది మీ పిల్లొక్కతే. నెలకి రెండుసార్లు ఇక్కడికి పంపమన్నారు."

తిరుగు పడవలో నేను ఊరుకుంటానా? ఆరుకి ఆరూ అని పడవ మీద ఉన్నవాళ్ళకీ, టికెట్లు చింపేవాడికీ, బుట్టలో కోళ్ళు పెట్టుకున్న ముసలావిడకీ చెప్పాను. ముసలావిడ కునికిపాట్లు పడుతుంటే లేపి మళ్ళీ చెప్పాను. ఫిలేము సిగ్గుతో మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకుంది.

వారం తిరిగేసరికి యాకోపో వచ్చాడు, కొత్త బూట్లు, నాలుగు సంచులు. మర్నాడు పిల్లల ఆదివారం. ఆ రోజు పిల్లలు ముందు కూర్చుంటే పెద్దవాళ్ళం వడ్డించాలి. శనివారం మా ఇంట్లో రాళ్ళ పొయ్యి పేరుస్తున్నారు, దుంపలు చెక్కుతున్నారు, కొబ్బరిపాలకి కాయలు కావాలి. యాకోపో అలవాటు కొద్దీ చూరు కింద కావడిబద్ద కోసం చెయ్యి పెట్టాడు. అక్కడ లేదు.

"నా కావడేది?"

"నీ కావడా?" అంది లూసియా. "అదిగో, వస్తోంది."

తోట దారిలో ఫిలేము వస్తోంది. రెండు బుట్టలూ అంచుల పైదాకా నిండి ఉన్నాయి, నిన్న మొన్న దింపించిన కాయలు. బద్ద రెండు కొసలూ కిందికి వంగాయి, బుట్టలు మాత్రం ఊగడం లేదు. ఏదో పాట పాడుకుంటోంది. కుర్రకుంకలందరూ వెనకాల పడి వస్తున్నారు. వాకిట్లో దింపింది, చప్పుడు లేదు. యాకోపో నవ్వుతూ వెళ్ళి భుజం పెట్టాడు. లేచాడు గానీ, రెండడుగులేసి దింపేశాడు.

"ఏం పెట్టావే ఇందులో, రాళ్ళా?"

"ఆపిల్ పళ్ళు మోసి మోసి నీ భుజం మెత్తబడింది అన్నా."

మోసే బావ అప్పుడే దుంపలు పట్టుకుని వచ్చాడు. బుట్టల్లోకి వంగి చూశాడు. కుర్రకుంకలు నా వైపు చూస్తున్నారు. యాకోపో చూస్తున్నాడు. నా నడుముకి చాకుంది, కావడిబద్ద మీద ఇంకా జానెడు ఖాళీ ఉంది.

"ఎన్ని జతలు బావా?" అన్నాడు మోసే.

"వంటకి సరిపడా" అన్నాను. ఒక కాయ అందుకుని, గునపం ముందు కూర్చుని, పీచు ఒలవడం మొదలుపెట్టాను.